ముందు పనేటో సెప్పు
సర్వర్ల కాపలాకు పనిముట్లు ఎంచుకోవడం గురించి జంషెడ్‌పూర్‌లో చేసిన స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసానికి నిధి పెట్టిన కుటుంబం నాకు ఒక్క షరతే పెట్టింది. పెద్దాయన పేరు వేదిక మీద పలకవద్దు, ఆయన పని గురించి మాట్లాడండి అన్నారు. ఆ షరతు నాకు కష్టమేమీ కాదు. ఆయన పేరు తెలిసినవాళ్ళు ఈ హాల్లో పదిమంది ఉంటే ఎక్కువ. మనందరికీ ఆయన టూల్‌రూమ్ మేస్త్రీగారే.

మనవాళ్ళు శ్రీకాకుళం నుంచీ గంజాం నుంచీ రైలెక్కి ఈ ఊరు వచ్చినప్పుడు దీన్ని సాక్చీ అనేవారు, స్టేషన్‌ని కాలీమాటీ అనేవారు. 1912 ఫిబ్రవరిలో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైంది. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయింది, స్టేషన్ టాటానగర్ అయింది. మన ఊళ్ళలో మాత్రం ఈనాటికీ 'టాటా వెళ్తున్నా' అనే అంటారు. అలా వచ్చిన కుటుంబాల్లో మేస్త్రీగారిదొకటి, మాదొకటి. మా నాన్న ఫిట్టరు. నేను కంప్యూటర్ల మనిషిని. ఆదిత్యపూర్‌లో చిన్నచిన్న కార్ఖానాలకు సర్వర్లు పెట్టి, వాటిని చూసుకోవడం నా బతుకుతెరువు. ఆయన టూల్‌రూమ్‌కీ నా సర్వర్‌కీ ఏం సంబంధమని మీకు అనిపించవచ్చు. అదే ఈ సాయంత్రం చెప్పబోతున్నాను.

చిన్నప్పుడు ఒక ఆదివారం ఆయన ఇంటికి వెళ్ళి 'మేస్త్రీగారూ, పెద్ద పానా ఉందా?' అని అడిగాను. ఆయన కుర్చీలోంచి కదల్లేదు. 'ముందు పనేటో సెప్పు నాయినా. పనిముట్టు నానిత్తాను' అన్నాడు. సైకిలు చక్రం నట్టు అన్నాను. ఆయన ఇచ్చింది చిన్న రింగు పానా. పెద్దది ఇచ్చుంటే నట్టు మూలలు అరగదీసి, చక్రం చెడగొట్టుకుని ఏడ్చుకుంటూ వచ్చేవాణ్ణి.

నా వృత్తిలో నన్ను రోజూ అడిగేది పెద్ద పానానే. 'సార్, మా సర్వర్‌కి మంచి ఫైర్‌వాల్ ఏది? ఏ టూల్ వేస్తే హ్యాక్ కాదు?' పనేమిటో ఎవరూ చెప్పరు.

ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయి

పని ఎక్కడ మొదలవుతుందో చూద్దాం. లినక్స్ అయినా, బీఎస్‌డీ అయినా, యూనిక్స్ కుటుంబంలో ఏదైనా సరే, బయటివాళ్ళతో మాట్లాడే ప్రతి సర్వీసూ ఒక పోర్టు దగ్గర చెవి ఒగ్గి కూర్చుంటుంది. వెబ్‌కు 80, 443. మెయిల్‌కు 25. దూరం నుంచి లాగిన్ అవడానికి 22. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌కు 3306. లినక్స్‌లో 'ఎస్‌ఎస్' అనే చిన్న ఆజ్ఞ ఉంది. దానికి రెండు మూడు అక్షరాలు జతచేసి నడిపితే ఏ పోర్టు దగ్గర ఏ ప్రోగ్రాం కూర్చుందో వరుసగా చెబుతుంది.

మొదటిసారి ఈ జాబితా చూసినవాళ్ళ మొహాలు నేను చూశాను. నాలుగు సర్వీసులు నడుపుతున్నామనుకుంటారు, తెర మీద పదిహేను వరుసలుంటాయి. ఎప్పుడో పోయిన ప్రింటరు కోసం పెట్టిన సర్వీసు ఒకటి ఉంటుంది. డేటాబేస్ ఆ యంత్రంలోని వెబ్ ప్రోగ్రాంతో మాత్రమే మాట్లాడితే చాలు, కానీ అది ప్రపంచమంతటికీ జవాబిస్తూ ఉంటుంది. ఇక్కడ కొనాల్సిన పనిముట్టేమీ లేదు. అక్కర్లేనివి ఆపెయ్యాలి. లోపలివాళ్ళకే పనికొచ్చేదాన్ని 127.0.0.1 అనే ఇంటి చిరునామాకే కట్టెయ్యాలి. తలుపే లేకపోతే తాళం గొడవ లేదు.

మేస్త్రీగారి టూల్‌రూమ్‌లో ఒక పద్ధతి ఉండేది. ప్రతి కార్మికుడికీ తన నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు ఉంటాయి. మైక్రోమీటరు కావాలంటే బిళ్ళ ఇవ్వాలి. మైక్రోమీటరు వేలాడే కొక్కేనికి ఆ బిళ్ళ తగిలిస్తారు. షిఫ్టు చివర కిటికీ మూసేముందు ఆయన బోర్డుకేసి ఒక్కసారి చూసేవాడు. బిళ్ళ కనిపించిందంటే ఒక పనిముట్టు బయట ఉన్నట్టు, ఎవరి దగ్గరుందో కూడా తెలిసినట్టు. నేను ఎస్‌ఎస్ జాబితా చూసేదీ ఆ కళ్ళతోనే. ప్రతి వరుసకూ ఒక బిళ్ళ ఉండాలి. ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ఎప్పటిదాకా? బిళ్ళ లేని వరుస ఉంటే ఆ రోజుకి మిగతా పనులు ఆపి దాని సంగతే చూడాలి.

చిన్న పనిముట్టు, తెలిసిన పని

1990 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఒక చొరబాటుదారుడు పదేపదే యంత్రాల్లోకి దూరి, రూట్ అనే సర్వాధికారం సంపాదించి, ఫైళ్ళన్నీ తుడిచిపెట్టి పోయేవాడు. అక్కడ పనిచేసే వీట్సే వెనెమా అనే ఆయన ఒక విషయం గమనించాడు. ఆ మనిషి దూరేముందు ఫింగర్ సర్వీసుతో యంత్రంలో ఎవరు ఉన్నారో వాకబు చేస్తున్నాడు. ఆ రోజుల్లో ఫింగర్ ఎవరడిగినా చెప్పేసేది, అడిగిందెవరో మాత్రం రాసిపెట్టేది కాదు.

వెనెమా పెద్ద కోట కట్టలేదు. ఫింగర్ ప్రోగ్రాంను పక్కకు జరిపి, దాని స్థానంలో దాని పేరుతోనే ఒక చిట్టి ప్రోగ్రాం పెట్టాడు. అది చేసేదల్లా పిలుపు ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసుకుని, అసలు ప్రోగ్రాంను లేపి తాను తప్పుకోవడం. ఫింగర్‌కు ఈ మార్పు తెలియదు, అవతలివాడికీ తెలియదు. తర్వాత ఎవర్ని రానివ్వాలి, ఎవర్ని ఆపాలి అనే రెండు చిన్న జాబితాలు దానికి జతయ్యాయి. టీసీపీ రాపర్ అనే పేరుతో ప్రపంచమంతా వాడింది దాన్నే. 1992లో ఆయన దాని గురించి రాసిన వ్యాసం ఇప్పటికీ కొత్తవాళ్ళ చేత చదివిస్తాను. తన పనిముట్టు ఏం చేయలేదో కూడా ఆయన దాపరికం లేకుండా చెప్పాడు. అనుమానాస్పదంగా ఎవరైనా పిలిస్తే వాళ్ళ యంత్రాన్ని తిరిగి ఫింగర్ చేసే ఉచ్చు పెట్టుకోవచ్చు, కానీ ఫింగర్‌కే ఆ ఉచ్చు పెట్టొద్దు అని హెచ్చరించాడు. రెండు యంత్రాలూ అలాగే పెట్టుకుంటే నువ్వెవరంటే నువ్వెవరని తెల్లారేదాకా ఒకదాన్నొకటి అడుగుతూనే ఉంటాయి.

మరో కథ ఫిన్లండ్‌ది. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పొంచి ఉండి, తీగల మీద పోతున్న పాస్‌వర్డ్‌లను వేల సంఖ్యలో పట్టేశారు. టెల్నెట్, ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్‌ను పోస్టుకార్డు మీద రాసినట్టు బాహాటంగా పంపేవి. టాటూ యులోనెన్ అనే పరిశోధకుడు ఆ రెంటి స్థానంలో ఎస్‌ఎస్‌హెచ్ రాసి జులైలో బయటపెట్టాడు. ఎఫ్‌టీపీది 21 పోర్టు, టెల్నెట్‌ది 23. మధ్యలో ఖాళీగా ఉన్న 22 ఇవ్వండని పోర్టు నంబర్లు కేటాయించేవాళ్ళకు ఒక్క ఈమెయిల్ రాస్తే మర్నాడే ఇచ్చేశారు. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం చేతిలో అదే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అయింది. నేడు మనం సర్వర్ తలుపు తీసేది చాలావరకూ దాంతోనే.

ఈ ఇద్దరి చేతికీ పనిముట్టు అంగట్లోంచి రాలేదు. గాయం ఎక్కడైందో ముందు చూశారు, దానికి సరిపడా పనిముట్టు చేసుకున్నారు. మనందరం ప్రోగ్రాంలు రాయనక్కర్లేదు గానీ గాయం చూసే అలవాటు నేర్చుకోవచ్చు. ఇంటర్నెట్‌లో కొత్త సర్వర్ పెట్టి, 22 తెరిచి, ఒక గంట ఆగి, లాగిన్ ప్రయత్నాలన్నీ రాసి ఉండే లాగు ఫైలు తెరవండి. రూట్, అడ్మిన్, టెస్ట్, ఒరాకిల్ అంటూ ఊరూపేరూ లేనివాళ్ళు పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ వరుస కట్టి ఉంటారు. మీమీద పగతో వచ్చినవాళ్ళు కాదు. ప్రపంచంలోని ప్రతి తలుపునూ తట్టుకుంటూ పోయే యంత్రాలవి. వాటికి మొదటి మందు పాస్‌వర్డ్‌తో లాగిన్ అవడాన్నే తీసేసి, తాళంచెవి జతతో మాత్రమే రానివ్వడం. రూట్‌గా నేరుగా రానివ్వకపోవడం. రెండూ కాన్ఫిగరేషన్ ఫైల్లో రెండు వరుసల పని. డబ్బు ఖర్చు లేదు.

ఫెయిల్‌టుబ్యాన్ పెడితే చాలదా అంటారు. పలుమార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టిన చిరునామాను కొంతసేపు అడ్డుకునే మంచి పనిముట్టు అది. అయితే మన మొబైల్ నెట్‌వర్క్‌ల్లో ఒకే బయటి చిరునామా వెనక ఎంతోమంది ఉంటారు. వాళ్ళలో ఒకడు అల్లరి చేస్తే, అదే చిరునామా మీంచి వచ్చే కార్ఖానా యజమాని కూడా బయటే నిలబడతాడు. పనిముట్టు పుట్టిన దేశం వేరు, మన వీధి వేరు. మన వీధిలో అది ఎలా నడుస్తుందో చూశాకే వాడాలి.

ఆదిత్యపూర్ వాచ్‌మన్

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న కార్ఖానా సర్వర్‌కు ఇంట్లో కూర్చునే ఫైర్‌వాల్ నియమాలు రాస్తున్నాను. అన్నీ కొట్టెయ్, చెప్పినవి మాత్రమే రానీ. ఫైర్‌వాల్‌కు ఇదే సరైన మూలసూత్రం. 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రజ్ఞులు దీన్ని భద్రతా సూత్రాల్లో చేర్చారు. నేను చేసిన పొరపాటు వరుసలో ఉంది. 'అన్నీ కొట్టెయ్' ముందు అమలైంది, '22 రానీ' అన్నది ఇంకా రాయాల్సే ఉంది. తెర ఆగిపోయింది. నా ఇంటి తలుపు నేనే బయట నిలబడి వేసుకున్నాను.

రాత్రి పదకొండు. జులై వాన. బండి మీద ఖర్కాయ్ వంతెన దాటి ఆదిత్యపూర్ వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ లాంతరు ఎత్తి నా మొహం చూశాడు. నన్ను అంతకుముందు నాలుగుసార్లు చూసినవాడే. 'లిస్టులో మీ పేరు లేదు సాబ్' అన్నాడు. సర్వర్ చచ్చిపోయిందన్నాను. లిస్టులో పేరు లేదన్నాడు. చివరికి లోపలి ఫోన్‌లో యజమానిని నిద్రలేపి, అనుమతి తీసుకుని, రిజిస్టర్లో నా చేత పేరు, టైము రాయించి గేటు తీశాడు.

తడిసిన బట్టలతో సర్వర్ ముందు కూర్చుంటే నవ్వొచ్చింది. అతను నాకంటే మంచి ఫైర్‌వాల్. జాబితాలో లేనివాణ్ణి ఆపాడు, అది సరే. తప్పనిసరైతే అడగడానికి రెండో దారి, ఆ ఫోన్, అతనికుంది. నాకు లేదు. ఆ రోజు నుంచి దూరంగా ఉన్న యంత్రంలో నియమాలు మార్చేముందు ఐదు నిమిషాల్లో పాతవి వాటంతటవే తిరిగొచ్చేలా ఒక పని ముందుగానే అమర్చుకుంటాను. రెండో లాగిన్ కిటికీ తెరిచి ఉంచుతాను. అంతా సరిగ్గా ఉందని చూసుకున్నాకే ఆ అమరిక తీసేస్తాను.

ఇక ఏ ఫైర్‌వాల్ అన్న ప్రశ్న. లినక్స్‌లో ఐపీఎఫ్‌డబ్ల్యూ అడ్మిన్ పోయి ఐపీచెయిన్స్ వచ్చింది. 2001లో 2.4 కెర్నెల్‌తో ఐపీటేబుల్స్ వచ్చింది, 2014లో 3.13తో ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. ఓపెన్‌బీఎస్‌డీలో 2001 నుంచి పీఎఫ్ ఉంది. ఇవన్నీ మంచివే. వీటిలో ఏది వాడాలో నేను ఒకే ఒక్క ప్రశ్నతో తేల్చుకుంటాను. నేను రాసిన నియమాలను ఆర్నెల్ల తర్వాత, జ్వరంతో ఉన్న రాత్రి, నా సాయం లేకుండా మరొకరు చదివి అర్థం చేసుకోగలరా? అలా చదవగలిగిందే మంచి పనిముట్టు. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పనిముట్టు 2020 మార్చిలో లినక్స్ 5.6తో కెర్నెల్లోకి వచ్చినప్పుడు దాన్ని మెచ్చుకున్నవాళ్ళు ముందుగా చూపించింది దాని పరిమాణం. సుమారు నాలుగు వేల వరుసల కోడ్. ఓపికున్న మనిషి కూర్చుని చదవగలిగినంత.

పనిముట్టే తలుపైనప్పుడు

ఇది మేస్త్రీగారికి బాగా తెలుసు: గ్రైండర్ పని చేస్తుంది, వేలూ కోస్తుంది. సర్వర్ మీద పెట్టే ప్రతి కాపలా ప్రోగ్రాం కూడా ఒక ప్రోగ్రామే. దానికీ లోపాలుంటాయి. 2014 ఏప్రిల్లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు కారిపోయింది గుప్తలిపి లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లోంచే. రహస్యాలు దాచమని ఇచ్చిన పెట్టెకే చిల్లు పడింది.

దానికంటే భయపెట్టింది 2024 మార్చి 29. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డెవలపర్ తన పరీక్షలు తాను చేసుకుంటుంటే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌లు సుమారు అర సెకను ఆలస్యమవుతున్నాయి, ప్రాసెసర్‌ను ఎక్కువ తింటున్నాయి. మనలో ఎందరం అర సెకనును పట్టించుకుంటాం? ఆయన తవ్వాడు. ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే మామూలు లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉంది. కొన్ని లినక్స్ పంపిణీల్లో అది సిస్టమ్‌డీ మీదుగా ఎస్‌ఎస్‌హెచ్‌లోకి చేరుతోంది. దాన్ని పెట్టింది బయటి దొంగ కాదు. రెండేళ్ళకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, నిర్వాహకుడైన ఒక మారుపేరు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ పట్టింది తన యంత్రం మామూలు చప్పుడు తెలిసిన మనిషి.

మేస్త్రీగారు మోటారు బేరింగు మీద స్క్రూడ్రైవరు మొన ఆనించి, పిడి చెవికి ఆనించి వినేవాడు. వైద్యుడు స్టెతస్కోపు పెట్టినట్టు. 'రోజూ ఇన్నోడికే తేడా తెలుత్తాది' అనేవాడు. నా సర్వర్లకు ఆ చెవి లాగులు. మన దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలపాలని, లాగులు 180 రోజులు దాచాలని, గడియారాలను జాతీయ సమయంతో కలపాలని ఉంది. 180 రోజులంటే ఆర్నెల్లు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగిన సామెత మనకుంది. లాగు దాచడం కుక్కను పెంచడం లాంటిది. అది మొరిగిన రోజే వినకపోతే ఎందుకూ కొరగాదు. అందుకే లాగులు ఆ యంత్రంలోనే వదలకుండా వేరే యంత్రానికి కూడా పంపుతాను. చొరబడినవాడు మొదట చెరిపేది వాటినే.

అన్ని యంత్రాలూ ఒకే గదిలో ఒకే తీగ మీద ఉండడం మరో ప్రమాదం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగినప్పుడు, నెట్‌వర్క్‌ను సరిగ్గా విభజించకపోవడమే కారణమని ప్రాథమిక విశ్లేషణలో తేలినట్టు ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. ఫర్నెస్ పక్కన కాగితాల గోదాం కట్టకూడదని ఈ ఊరికి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. బిల్లింగ్ సర్వర్, సీసీటీవీ కెమెరాలు, అతిథుల వైఫై ఒకే నెట్‌వర్క్‌లో ఎందుకు పెడతామో మాత్రం నాకు అంతుబట్టదు.

చివరిగా పనిముట్టు ముసలితనం. ఇందాక వెనెమా రాపర్‌ను మెచ్చుకున్నాను కదా. 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.7 దానికి ఆదరవు తీసేసింది. కొన్ని పంపిణీలు సొంతంగా కొనసాగించాయి, కొన్ని మానేశాయి. మానేసిన చోట ఏమైందో చూడండి. 'వీళ్ళని ఆపు' అనే ఫైలు అలాగే ఉంది. అందులో వరుసలు అలాగే ఉన్నాయి. చదివేవాడే లేడు. నిర్వాహకుడు ఆ ఫైలు చూసుకుని నిశ్చింతగా నిద్రపోతాడు. తాళం వేలాడుతోంది, గొళ్ళెం ఊడిపోయింది. కాబట్టి కాన్ఫిగరేషన్ చదివి నమ్మకండి, బయటినుంచి తట్టి చూడండి. ఎన్‌మ్యాప్ 1997 నుంచీ ఉచితంగా ఉంది. మీ యంత్రాన్ని మీరే బయటినుంచి తట్టడానికి దాన్ని మించింది లేదు. మీది కాని యంత్రం మీద మాత్రం అనుమతి లేకుండా తట్టకండి, అది నేరం కావచ్చు.

కొక్కేనికి మిగిలిన బిళ్ళ

జామ్తాడా ఫోన్ మోసాల పేరుతో మన రాష్ట్రాన్ని వెక్కిరించేవాళ్ళున్నారు. అక్కడి మోసగాళ్ళు పోర్టులు పగలగొట్టలేదు, ఫోన్ చేసి ఓటీపీ అడిగారు. దానికి నేను చెప్పిన పనిముట్లేవీ అడ్డు కావు. ఆ సంగతి ఒప్పుకోవాలి. ఏ పనిముట్టు ఎక్కడిదాకా పనిచేస్తుందో చెప్పకుండా అమ్మేవాడి మాట నమ్మొద్దు.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అడిగితే నేను మూడే చెబుతాను. పనిముట్టు అడిగేముందు పని చెప్పండి. రెండు పనిముట్లు ఒకే పని చేస్తే మీరు చదివి అర్థం చేసుకోగలిగింది తీసుకోండి. తీసుకున్న రోజే ఎప్పుడు తిరిగిచ్చేస్తారో రాసుకోండి.

మూడోది చెప్పినంత తేలిక కాదు. ప్రతి శనివారం నేను నా సర్వర్లన్నిట్లో ఎస్‌ఎస్ నడిపి, చేత్తో రాసిన కాగితంతో పోల్చుకుంటాను. ఈ ఉపన్యాసం రాయడం మొదలుపెట్టిన శనివారం ఒక వరుస తేలింది. 8080. కాగితంలో లేదు. గుండె గుభేల్మంది. ఎవరో దూరారనుకుని రెండు గంటలు లాగులు వెతికాను. చివరికి దొరికింది. వానాకాలంలో ఒక ట్రైనీ పరీక్ష కోసం అడిగితే, రెండు రోజుల పనే కదా అని కాగితంలో రాయకుండా నేనే తెరిచాను. ఆ అబ్బాయి పని అయిపోయి పుణె వెళ్ళిపోయాడు. తలుపు నాలుగు నెలలు తెరిచే ఉంది.

మేస్త్రీగారు ఉంటే బోర్డు ముందు నిలబడి నా నంబరు పైకి చదివేవాడు. నేనే చదువుకున్నాను. పోర్టు మూసి, కాగితంలో తేదీ వేసి, పక్కన నా పేరు రాశాను.